హుక్కుకు మిగిలిన బిళ్ల

బెల్లంపల్లి దగ్గర మా బొగ్గుగని మూతపడిన ఏడాది. ల్యాంప్ రూమ్ క్లర్కుగా నాకది ఆఖరి నెల. ల్యాంప్ రూమ్ అంటే గనిలోకి దిగేవాళ్లకు టోపీ లైట్లు ఇచ్చే గది. కార్మికుడు తన నంబరున్న ఇత్తడి టోకెన్, అంటే బిళ్ల, ఇచ్చి లైటు తీసుకుంటాడు; దాన్ని నేను బోర్డు మీది హుక్కుకు తగిలిస్తాను. పైకొచ్చాక లైటు అప్పజెప్పి టోకెన్ తీసుకుంటాడు. హుక్కుకు బిళ్ల మిగిలిందంటే మనిషి ఇంకా లోపలే ఉన్నట్టు. చిన్న కొలువే గానీ, నాకు దానిమీద గీర మాత్రం పెద్దది.

ఒక పొద్దున కిటికీ దగ్గరికి తెల్లజుట్టు మనిషొకాయన వచ్చాడు. నిలబడ్డ తీరు చూసి ఎవరో పెద్ద ఆఫీసరనుకుని లేచాను.

"సార్" అన్నాను.

"సార్ అనకు అన్నా. సర్దార్ కొమురయ్య కొడుకును, రాజలింగును. బాపు బిళ్ల ఒక్కసారి చూస్తా."

కొమురయ్య మా గనిలో సర్దార్, అంటే ఒక జట్టుకు పెద్ద. ఆయన రిటైరయ్యాక ఆ నంబరు ఇంకెవరికీ ఇవ్వలేదు నేను. కొడుకు నేవీలో కెప్టెన్ అయ్యాడని కాలనీ అంతా మురిసిపోయేది. చెన్నూరు గోదావరిని మించిన నీళ్లు చూడనివాడు తుఫానులో ఓడను వెనక్కి తిప్పాడట! బిళ్ల తీసి చేతిలో పెట్టి, ఆ కథ ఆయన నోటనే వినాలని టీ తెప్పించాను.

"మునుగుతున్న పడవకాడికి మావోళ్లను బోట్లల్ల పంపిన. నా ఓడల గీ బోర్డసొంటిదే పెట్టిచ్చిన. బోటెక్కేటోడు బిళ్ల తగిలిచ్చి పోవాలె. అందరు నవ్వేటోళ్లు. ఆ రోజు మావోళ్లు 'అందరు వచ్చిన్రు, పోదాం' అన్నరు. చూస్తే ఒక బిళ్ల మిగిలింది."

"మరి?"

"అలలు ఇంటెత్తు లేస్తున్నయ్. ఓడ తిప్పితే అందరం మునిగిపోతమన్నరు. తిప్పిన. దొరికిండు, బతికిండు."

"భయం కాలేదా?"

"కాకేంది! గానీ బాపు చెప్పిన ముచ్చట యాదికొచ్చింది. హుక్కుకు బిళ్ల ఉండంగనే లైట్లకాడోడు అందరొచ్చిన్రని టిక్కు పెట్టిండట. బాపు ఆ బిళ్ల చూసి మళ్ల దిగి, బండ కింద కాలు ఇరికినోన్ని తెచ్చిండు."

ఆ టిక్కు పెట్టింది నేనే. కొలువులో చేరిన తొలి ఏడాది, దసరా ముందురోజు. లైటు పడేసి బిళ్ల మరిచి ఇంటికి ఉరకడం మావాళ్లకు మామూలే. ఆ బిళ్ల మనిషీ అలాగే పోయి ఉంటాడనుకుని, కౌంటర్ మీద కుప్పపడ్డ లైట్లు లెక్కపెట్టకుండానే రిజిస్టరు మూసేశాను. కొమురయ్య మేనేజరుకు ఒక్క మాట చెబితే నా ఉద్యోగం పోయేది. చెప్పలేదు. నేనూ ఎవరికీ చెప్పుకోలేదు, ఇంట్లో భార్యకు కూడా. ఇప్పుడు నోరు మూసుకుంటే ఇక ఎన్నటికీ బయటపడదు. కానీ టీ గ్లాసు పక్కన పెట్టేశాను.

"తమ్మీ, ఆ టిక్కు పెట్టినోన్ని నేనే."

ఆయన చేతిలోని బిళ్లను కౌంటర్ మీద పెట్టాడు.

"బాపు నీ పేరు ఏనాడు చెప్పలే అన్నా. నేనడిగితే, 'ఇప్పుడు మూడేసిసార్లు లెక్కపెడుతుండురా, వాని పేరుతోని నీకేం పని' అన్నడు."

నాకు ఏడుపు ఆగలేదు. ఆయన నా భుజం మీద చెయ్యి వేసి అలాగే నిలబడ్డాడు.

మధ్యాహ్నం మొదటి షిఫ్టువాళ్లు పైకొచ్చాక ఇద్దరం కలిసి లైట్లు మూడుసార్లు లెక్కపెట్టాం. అన్నేళ్లూ జాగ్రత్త నా గొప్పే అనుకున్నాను; నా పేరు దాచి, దిద్దుకునే వీలు నాకిచ్చింది ఆయన. ఆ దసరా ముందురోజు కొమురయ్య గనిలోంచి పైకి తెచ్చినవాళ్లలో నేనూ ఉన్నానని ఆ లెక్క పూర్తయ్యాక గానీ నాకు తెలియలేదు.