వలి సాహెబ్ అడిగే ప్రశ్న

కోసిగిలో గడ్డాలు గీసేవాళ్లు నలుగురున్నా, ముసల్మానుల ఇళ్లలో మగపిల్లలకు సుంతీ చేసేవాడు వలి సాహెబ్ ఒక్కడే. తండ్రి దగ్గర నేర్చుకున్న పని. పిల్లవాడు ఏడుపు అందుకునేలోపే కత్తి దాచేస్తాడని పేరు. బూడిద అద్ది, గుడ్డ చుట్టి, పిల్లవాడి నోట్లో బెల్లంముక్క పెట్టి లేచేవాడు. మెడలో పూలదండ, కడుపునిండా పలావు ఆయనకు దక్కేవి.

1939లో ఆ పేరు పోయింది. నబీసా అనే ఆవిడ పెద్దకూతురి కొడుక్కి సుంతీ చేస్తే నెత్తురు నిలవలేదు. బూడిద, పసుపు, కాల్చిన గుడ్డ, ఏదీ పనిచేయలేదు. మూడోరోజున పిల్లవాడు పోయాడు. కత్తికి తుప్పు అన్నారు కొందరు. చెయ్యి మంచిది కాదన్నారు మరికొందరు. వలి సాహెబ్ కూడా ఆ మాటే నమ్మి, కత్తిని తుంగభద్రలో పారేసి వచ్చాడు. ఆరునెలలు గడ్డాలు గీసుకుంటూ బతికాడు.

మరుసటేడు ఆదోనిలో ఇంకొకడి కత్తికి ఇంకో పిల్లవాడు అచ్చం అట్లాగే పోయాడు. ఆ పిల్లవాడి అమ్మమ్మ నబీసాకు సొంత చెల్లెలు. ఈ కబురు చెవిన పడగానే వలి సాహెబ్‌కు మొదట కలిగింది ఊరట. ఆ వెంటనే సిగ్గు. సిగ్గుతోనే నబీసా ఇంటికి నడిచాడు.

"మీ పుట్టింట్లో ఇట్లా ఎవరన్నా పోయినారా, ఆపా?"

"మాయన్న పోయినాడు. పన్ను ఊడితే నాలుగు దినాలు నెత్తురు కారె. మాయమ్మ తమ్ముడు కాలికి రాయి తగిలి పోయినాడంట. మా ఆడోళ్లకు ఏమీ కాదు. మగపిల్లోళ్లకే."

"ఎవరికీ సెప్పలేదే?"

"ఎవరడిగినారు?" అంది నబీసా.

వలి సాహెబ్ కొత్త కత్తి కొనుక్కున్నాడు. ఆనాటి నుంచి దాన్ని పట్టే ముందు ఒక ప్రశ్న వేసేవాడు. "పిల్లోని అమ్మ ఎవరి బిడ్డ?" జవాబు నబీసా ఇంటి వైపు పోతే కత్తి మడిచి లేచేవాడు.

ఊరికి ఇది బొత్తిగా నచ్చలేదు. సుంతీకి పిలిస్తే పెళ్లిచూపులకొచ్చినట్టు వంశం అడుగుతాడని నవ్వేవారు. ఒక పిల్లవాడు చస్తే వీడికి చెయ్యి వణుకు పట్టిందన్నారు. దీన్‌కు, అంటే మతానికి, అడ్డం పడుతున్నాడని మరికొందరన్నారు. పిలుపులు తగ్గాయి. ఎమ్మిగనూరు నుంచి ఏ ప్రశ్నలూ అడగని మనిషిని పిలిపించుకోసాగారు. ఆయన పట్టిందల్లా బాగానే అయ్యేది, నబీసా ఇంటి పిల్లలు ఆయనకు తగలలేదు కాబట్టి.

పదహారేళ్లు గడిచాయి. నబీసా చిన్నకూతురు రహమత్ బీకి ఏడేళ్ల కొడుకు కరీముల్లా. తండ్రి జిలాని బాషాకు గుడ్డల అంగడి ఉంది. వలి సాహెబ్ ఎప్పుడో కాదన్నాడు కనుక ఎమ్మిగనూరు మనిషిని మాట్లాడాడు. అందరికీ పిలుపులు కూడా అయ్యాయి. రెండురోజుల ముందు పిల్లవాడు గడప తట్టుకుని పడ్డాడు. మోకాలు కుండంత వాచింది. పట్టీలు వేసి చూసి, చివరికి కర్నూలు పెద్దాసుపత్రికి తీసుకుపోయారు.

అప్పుడు కర్నూలు రాష్ట్రానికి రాజధాని. సర్కారు సగం డేరాల్లో నడిచేది. అదృష్టం కొద్దీ ఆసుపత్రికి గోడలున్నాయి. దావీదురాజు అనే కుర్ర డాక్టరు పిల్లవాడి రక్తం గాజుగొట్టంలో తీసి, గడియారం ముందు పెట్టుకుని కూర్చున్నాడు. గడ్డకట్టవలసిన సమయానికి అది కట్టలేదు. ఇది పుట్టుకతో వచ్చే జబ్బనీ, తల్లుల ద్వారా కొడుకులకు దిగుతుందనీ చెప్పి, ఒక కాగితం మీద ఆడవాళ్లకు సున్నాలు, మగవాళ్లకు చదరాలు పెట్టి వంశవృక్షం గీసిచ్చాడు.

జిలాని బాషా ఆ కాగితం పట్టుకుని కోసిగిలో దిగి ఊరంతా చూపించాడు. వలి సాహెబ్‌కూ చూపించాడు.

"శానా గొప్ప డాక్టరు, చిచ్చా! గంటలో కనుక్కునె. తప్పంతా తల్లి దిక్కునుంచి వచ్చేదంట."

"పదహారేండ్లుగా నేను సెప్తాండేది కూడా అదే గదప్పా."

"నువ్వు ఊరికే నోటితో సెప్తివి. ఆయన రాసిచ్చినాడు."

నెల తిరక్కుండా ఆ కాగితం ఇంకో పనికొచ్చింది. తప్పు రహమత్ బీది అని తేలింది గనుక జిలాని బాషాకు రెండో నికా చేద్దామన్నారు ఇంటివాళ్లు. పిల్ల కోసం దూరం పోలేదు. తెలిసిన ఇల్లే మేలని, ఆదోనిలో నబీసా చెల్లెలి చిన్నకూతురిని చూశారు.

రహమత్ బీ వలి సాహెబ్ గుమ్మంలోకొచ్చి నిలబడింది. "నీ ప్రశ్న నా కాపరం మీదికే వచ్చె, చిచ్చా."

మర్నాడు పొద్దున్నే వలి సాహెబ్ రైలెక్కి, రెండు రైళ్లు మారి కర్నూలు చేరాడు.

దావీదురాజు ఆయన్ని కూర్చోబెట్టి మొత్తం విన్నాడు. వింటూ వింటూ కాగితం మీద సున్నాలు, చదరాలు పెంచుకుంటూ పోయాడు. నాలుగు తరాలు నిండాయి.

"ఇదంతా మీకెట్లా తెలిసింది, పెద్దాయనా?"

"అడిగినా, సామీ. దీనికి మందు లేదా?"

"నెత్తురు పోయినప్పుడు కొత్త రక్తం ఎక్కించడమే. లోపం బీజంలో ఉంది. తల్లి తెలిసి చేసింది కాదు, ఆమె చేతిలో ఉన్నదీ కాదు. ఆ బీజంలో రాత ఎట్లా ఉంటుందో మూడేళ్ల కిందటే ఇంగ్లండులో కనుక్కున్నారని చదివాను. రాత చదవడం వస్తే, తప్పున్న అక్షరం దిద్దడం కూడా ఎప్పటికైనా రావచ్చు."

"ఎప్పటికి?"

"మన కాలంలో కాదేమో."

"అంతదాకా?"

"కత్తి ముట్టుకోకూడదు."

వలి సాహెబ్ తలూపాడు. ఆ వైద్యం ఆయన ఎప్పటినుంచో చేస్తున్నాడు.

తిరిగొచ్చి జిలాని బాషా అంగట్లో కూర్చుని, అతని కాగితమే అడిగి తీసుకున్నాడు. నబీసా సున్నా పక్కన బొగ్గుతో ఇంకో సున్నా, దాని కింద రెండు సున్నాలు, వాటిలో ఒకదాని కింద ఒక చదరం పెట్టాడు. "ఇది ఆమె చెల్లెలు. దీని కిందుండేది నువ్వు తెచ్చుకునే పిల్ల. ఈ పక్క చదరం ఆదోనిలో పోయిన పిల్లోడు. వాడు ఈ పిల్లకు అక్క కొడుకు."

జిలాని బాషా బొగ్గు గీతల మీద వేలు పెట్టాడు. "ఈ పిల్లకు ఉండాదని నమ్మకమేమి?"

"ఉండొచ్చు, లేకపోవచ్చు. రహమత్‌ను కాదని, ఆమె మాదిరే ఇంకొకదాన్ని తెచ్చుకుంటావా?"

రెండో నికా మాట ఆగిపోయింది. పిల్ల ముక్కు బాగాలేదని ఇంటివాళ్లు బయట చెప్పుకున్నారు.

సుంతీ సంగతి మిగిలింది. వలి సాహెబ్ మసీదుకు పోయి ఇమామును అడిగాడు. ఆయన రెండు కితాబులు తిరగేసి, ప్రాణానికి ముప్పుంటే అక్కరలేదని చెప్పాడు. "ఇది ఎప్పుడూ ఉండే మాటే. ఇన్నేండ్లలో ఎవరూ వచ్చి అడగలేదు," అన్నాడు కొంచెం నిష్ఠూరంగా. దీన్‌కు అడ్డం పడుతున్నాడన్నవాళ్లు ఆ వెనక వరసలోనే కూర్చుని ఉన్నారు.

దావీదురాజు ఆ నాలుగు తరాల పటాన్ని మద్రాసులో డాక్టర్ల సభలో చదివి మెప్పు పొందాడు. అందులో వలి సాహెబ్ 'స్థానికుడొకరు' అయ్యాడు. ఈ సంగతి ఆయనకు తెలియదు. తెలిసినా, తాను స్థానికుడే గనుక ఒప్పుకునేవాడు.

1958లో కరీముల్లా నాలుక కొరుక్కున్నాడు. కర్నూలు చేరేసరికి తువ్వాలు తడిసిపోయింది. రక్తం కావాలన్నారు. పరీక్ష చేస్తే జిలాని బాషాది సరిపోయింది. సీసాడు రక్తం ఎక్కించాక, తెల్లారేసరికి పిల్లవాడు పాలు అడిగాడు.

ఆ తర్వాత జిలాని బాషాను పట్టడం కష్టమైంది. తల్లి తెచ్చిన లోపాన్ని తండ్రి నెత్తురు పూడ్చిందని అంగడికొచ్చిన ప్రతివాడికీ బట్ట కొలుస్తూ చెప్పేవాడు. జబ్బు ఇక పోయినట్టేననేవాడు. ఎక్కించిన రక్తం నాలుగు దినాలకే పనిచేస్తుందనీ, దెబ్బ తగిలినప్పుడల్లా మళ్లీ ఇవ్వాలనీ డాక్టరు చెప్పింది వలి సాహెబ్‌కు తెలుసు. రహమత్ బీకీ తెలుసు.

"ఆయప్పకు సెప్పు చిచ్చా, పొగరు ఎట్లా ఉండాదో సూడు," అందామె ఒకరోజు.

"ఉండనీ తల్లీ," అన్నాడు వలి సాహెబ్. "ఆ పొగరున్నన్ని దినాలు నెత్తురిస్తాడు."

అట్లాగే జరిగింది. పిల్లవాడికి దెబ్బ తగిలిందని వినపడితే చాలు, జిలాని బాషా అంగడి మూసి, చొక్కా చెయ్యి ముందే మడుచుకుని, అందరికంటే ముందు స్టేషన్లో నిలబడేవాడు.