అన్నం తినకముందా, తిన్నంకనా

వెంకటనర్సయ్య గారు ఇక లేరన్న వార్త నిన్న ఉదయం ఫోనులో విని నిశ్చేష్టుడనయ్యాను. ఎప్పుడని అడిగితే ఆయన అర్ధాంగి సుగుణమ్మ గారు చెప్పిన మాటను చివర రాస్తాను.

భద్రాచలంలో గోదావరి వరద లెక్కలు చూసే మా ఆఫీసులో కంప్యూటర్ విభాగానికి ఆయన పెద్ద. నేను ఆయన దగ్గర పని నేర్చుకున్నవాణ్ణి. ఆందోళన ఆయనకు సహజ స్వభావం. తెర మీద ఏ వేళ కనిపించినా "గిది ఎక్కడి టైం?" అనేవారు. మేము నవ్వితే, "నీళ్లకు గడియారం లేదయ్యా, మనకే రెండున్నయ్" అనేవారు.

నీటిమట్టం చూసిన వేళను యంత్రం గ్రీనిచ్ కాలంలో దాచుకుని, చూపేటప్పుడు ఐదున్నర గంటలు కలిపి మన కాలం చేసేది. ఒక వర్షాకాలం వచ్చిన కొత్త ప్రోగ్రాం మన కాలాన్నే నేరుగా దాచింది. తెర మాత్రం అలవాటు ప్రకారం మళ్లీ ఐదున్నర గంటలు కలిపింది. ఆ ప్రోగ్రాంను పరీక్షించి సంతకం చేసింది ఆయనే.

ఆ మధ్యాహ్నం తెర మీద ఎగువ నుంచి వచ్చిన చివరి లెక్క పదకొండున్నరది. మట్టం భయపెట్టేది కాదు. బూర్గంపాడు వైపు లోతట్టు గూడేన్ని కదిలించనక్కర్లేదని పైవాళ్లు నిశ్చయించారు. ఈయన కుర్చీలో కుదురుగా కూర్చోలేకపోయారు. వానకు సరిగా పలకని వైర్‌లెస్‌లో పిలిచి పిలిచి, ఎగువన నీళ్లు చూసే మనిషిని పట్టుకున్నారు. గంట ఎంతని అడగలేదు.

"తమ్మీ, అన్నం తినకముందు చూసినవా, తిన్నంకనా?"

"పండ్లు గూడ తోముకోలే సార్, లేవంగనే చూసిన. ఇప్పుడైతే మెట్లన్నీ మునిగినయ్."

ఆయన తెర మీది పదకొండున్నరలోంచి ఐదున్నర గంటలు తీసేశారు. తెల్లవారి ఆరింటి గోదావరిని నమ్ముకుని మేమందరం నిశ్చింతగా ఉన్నాం. ఎవరి అనుమతికీ ఆగకుండా నన్ను జీపెక్కించుకుని గూడేనికి బయలుదేరారు. పొయ్యి మీద కూర వదిలి రానని ఒక అవ్వ మొండికేస్తే, ఆ గిన్నెను ఆయనే మోశారు. పొద్దుగూకేసరికి ఆ పొయ్యి నీళ్లలో ఉంది.

తర్వాత ఎవరు శ్లాఘించినా ఆయనకు మింగుడుపడలేదు. "సంతకం నాదే గదా" అని తల దించుకునేవారు. ఆనాటి నుంచి ఫోనెత్తితే చాలు, "తిన్నవా?" అనేవారు. కొత్తవాళ్లు మర్యాద అనుకున్నారు. అది భయమని మాకు తెలుసు.

నిన్న సుగుణమ్మ గారు కూడా నాకు గంట చెప్పలేదు. "ఇప్పుడే చాయ్ తాగిండు నాయనా. గ్లాసు ఇంకా కడగలే" అన్నారు.

ఇవాళ ఎగువన మళ్లీ వాన. తెర మీది అంకెలు ప్రశాంతంగా ఉన్నాయి. అవి ఏ వేళవో నాకు నమ్మకం లేదు. అడిగేవారు లేని ఆ కుర్చీకి, ఆ పుణ్యమూర్తికి నమస్కరించి, వైర్‌లెస్ చేతిలోకి తీసుకుంటున్నాను.