పళ్లు మరిచిపోయిన ఖన్‌కేవ్

ఖన్‌కేవ్ అమ్మమ్మకు మతిమరుపని లంఫూన్ పట్నం పక్కనున్న ఆ ఊళ్లో చిన్నపిల్లలు కూడా నమ్ముతారు. నలభై ఏళ్ల కిందటి పెళ్లిలో ఎవరెన్ని బుట్టల జిగురన్నం తిన్నారో ఇప్పటికీ చెప్పగల మనిషికి మతిమరుపేమిటో. కానీ ఊరి ఆరోగ్య కార్యకర్తగా తిరిగేటప్పుడు, దిగులుతో తిండీ నిద్రా మానేసిన మనిషున్న ఇంట్లో మాత్రం గొడుగో, తమలపాకుల పెట్టో వదిలేసి వస్తుంది. మర్నాడు దానికోసం మళ్లీ వెళ్తుంది.

ఒక వానాకాలం ఆ ఊరి రైతు సింఖం తన గువ్వను పంజరంతో సహా తెచ్చి ఆవిడ అరుగు మీద పెట్టాడు. కూతల పందెంలో రెండుసార్లు గెలిచిన గువ్వ అది. పెళ్లాం పోయాక అతను మాట్లాడేది దాంతోనే.

"నువ్వే ఉంచుకో పెద్దమ్మా. నాకింక దీంతో పనిలేదు."

అమ్మమ్మ పంజరం లోపల పెట్టింది. గొడుగు తీసుకుని అతని వెనకే వాళ్లింటికి నడిచింది.

సింఖం అక్క బువాలై అప్పటికే భయపడి ఆ ఇంట్లో కత్తులూ తాళ్లూ అన్నీ దాచేసింది.

"నిమ్మగడ్డి చెంచాతో కోస్తున్నాను పెద్దమ్మా," అన్నాడు సింఖం.

"కూర వాసనే చెబుతోంది."

అమ్మమ్మ చాప మీద కూర్చుంది. బువాలై కళ్లతోనే వద్దు వద్దని సైగ చేసింది. అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందని ఊరందరి భయం. అమ్మమ్మ మాత్రం, గువ్వకు గింజలేశావా అన్నంత మామూలుగా అడిగింది.

"చచ్చిపోవాలనుందా నాయనా?"

అతను అవునన్నట్టు తలూపాడు.

"దేన్ని చూస్తే నీకు భయమేస్తోంది?"

"తోటలో కొట్టుగది. కలుపు మందుంది అందులో."

కొట్టు తాళంచెవి అతని జేబులోనే ఉంది. ఇల్లంతా గాలించిన అక్క, అతన్ని మాత్రం ఒక్క మాటా అడగలేదు. ఇప్పుడు అతనే తీసి అమ్మమ్మ చేతిలో పెట్టాడు. చీకటి పడకముందే డబ్బాలన్నీ తోట దాటిపోయాయి. బువాలై తన పక్క తెచ్చి తమ్ముడి గుమ్మంలో పరుచుకుంది.

"పొద్దున్నే నర్సమ్మ దగ్గరికి పోదాం. అందాకా ఉంటావా?"

"రేపటిదాకా అయితే ఉంటాను."

అమ్మమ్మ ఆలోచించింది. గొడుగు వదిలేస్తే అక్క చేత పంపేస్తాడు. అందుకని నోట్లోంచి కట్టుడు పళ్లు తీసి, గ్లాసు నీళ్లలో వేసి, కిటికీలో పెట్టి లేచింది.

"పెద్దమ్మా, నీ పళ్లు."

"ఉండనీలే. పొద్దున నీ చేత్తోనే ఇవ్వు. ఇంకొకరి చేత పంపావా, నా పరువు పోతుంది."

ఆ రాత్రి అమ్మమ్మ ఇంట్లో వేయించిన పంది మాంసం. అందరూ కరకరా నములుతుంటే ఆవిడ గుమ్మడికాయ మెదుపుకుని తింది. ఎవరెంత వెక్కిరించినా పట్టించుకోలేదు. తెల్లారేసరికి సింఖం ఆ ఇంట్లో ఉండాలి. ఆవిడ ధ్యాసంతా అదే.

పొద్దున అమ్మమ్మ బండి మీద వెళ్లేసరికి సింఖం గేటు దగ్గరే నిలబడి ఉన్నాడు. చేతిలో గ్లాసు, వాన పడకుండా పైన సాసరు.

"రాత్రంతా నన్ను చూసి నవ్వుతూనే ఉన్నాయి," అన్నాడు.

"అవి మంచివి. నేనైతే తిట్టేదాన్ని. ఎక్కు బండి."

నర్సమ్మ అతన్ని డాక్టరు దగ్గరికి పంపింది. మందులు మొదలయ్యాయి. పళ్లు ఆ కిటికీలో ఇంకా చాలా పూటలు గడిపాయి. అమ్మమ్మ గుమ్మడికాయ చాలా తింది.

లాంగన్ పండ్ల చెట్లు పూతకొచ్చాక ఒకరోజు సింఖం గువ్వను అడిగి తీసుకున్నాడు. వెళ్తూ వెళ్తూ తన టోపీ తీసి అరుగు మీద పెట్టాడు.

"ఒరేయ్, నీ టోపీ."

"తెలుసు పెద్దమ్మా. రేపొస్తాను."

అతను మలుపు తిరిగేదాకా చూసి, అమ్మమ్మ ఆ టోపీని పిల్లి అందుకోలేని మేకుకు తగిలించింది.