వెదురా, వేపా అని తేల్చకుండానే

పెద్దమ్మ పోయిందని ఫోన్ వచ్చినప్పుడు నేను కోదాడలో మా షాపులో ఒక పెళ్ళి స్టేజీకి థర్మోకోల్ అక్షరాలు కోస్తున్నాను. "పొద్దున చాయ్ తాగింది బిడ్డా. కూసున్న కుర్చీలనే పోయింది" అన్నాడు పెద్దనాన్న. వెంటనే, "ఆ తెల్ల పలకల్ని ఏం చెయ్యమంటవ్?" అని అడిగాడు. నాకు ఏడుపు రాలేదు. కోస్తున్న అక్షరాన్ని సగంలోనే వదిలేసి బస్సెక్కాను.

ఆ పలకల సంగతి మీకు చెప్పాలి. పెద్దమ్మ మా అమ్మకు అక్క. మిర్యాలగూడలో అంగన్‌వాడీ టీచర్‌గా చేసి రిటైరైంది. పోయినేడు తోటి టీచర్లతో కలిసి బాపట్ల దగ్గర సముద్రం చూసి వచ్చింది. వచ్చినప్పటి నుంచి ఒకటే పట్టు. అలల మీద నిలబడి వచ్చే పలక, సర్ఫ్‌బోర్డు, సొంతంగా చేసుకోవాలని. ఆమెకు ఈత రాదు. "మరి ఎందుకు పెద్దమ్మా?" అంటే, "ఒక పిల్ల దానిమీద నిలబడ్డది, సూసిన" అంది. మా అమ్మతో మోకాళ్ళకు మంచిదని చెప్పింది. పెద్దనాన్న అడిగితే "నువ్వు వరి ఎందుకేస్తవ్?" అని ఎదురడిగింది. ఇందులో ఏది అసలు కారణమో నాకు ఇప్పటికీ తెలియదు.

థర్మోకోల్ కోసేదాన్ని కాబట్టి నన్ను పట్టుకుంది. గట్టి రకం దిమ్మ తెప్పించి, ఫోన్లో వీడియోలు చూసి ఆకారం కోశాను. ఉత్త థర్మోకోల్ అయితే అల దెబ్బకు నడిమికి విరుగుతుంది. అందుకని పలకను నిలువునా రెండు సగాలుగా కోసి పెద్దమ్మ ఇంట్లో పెట్టాను. వాటి మధ్యలో సన్నటి కర్రబద్ద పెట్టి అతికించాలి. దాన్ని స్ట్రింగర్ అంటారు. పెద్దమ్మ మాత్రం "వెన్ను" అనేది. ఆ వెన్ను కోసం మేం చాలా తిరిగాం.

సూర్యాపేటలో టింబర్ డిపోవాళ్ళు టేకు బద్ద ఇస్తే ఎత్తి చూసింది. "ఇది నన్ను మోస్తదా, నేనే దీన్ని మోయాల్నా?" అని కింద పెట్టేసింది. ప్లైవుడ్ పొరల్లోకి నీళ్ళు దిగితే ఉబ్బుతుందని నేనే వద్దన్నాను. అల్యూమినియం పట్టీ వంచితే వంగినట్టే ఉండిపోయింది. ఏ బద్ద తెచ్చినా రెండు కుర్చీల మీద అడ్డంగా పెట్టి, మధ్యలో అరచేత్తో నొక్కేది. "వంగుడు తప్పు కాదు బిడ్డా. మళ్ళ లేవాలె, గంతే."

ఒకే ప్రశ్న ఇద్దరిని అడగడం ఆమెకు అలవాటు. జవాబులు కలవకపోతే సంబరపడేది. నేను తల పట్టుకుంటే, "జర పరేషాన్ కానియ్యి. ఒక్కటే దారి ఉంటే మనతోని పనేమున్నది?" అనేది. ఇప్పుడు షాపుకు ఎవరైనా నాకు రాని పని తెస్తే వెంటనే కాదనను. అది ఆమె ఇచ్చిందే.

ఆఖరికి రెండు మిగిలాయి. ఒకటి మిర్యాలగూడలో నిచ్చెనలు అమ్మేవాళ్ళ దగ్గర తెచ్చిన వెదురు. బలమైందే గానీ కణుపుల దగ్గర అతుకు కూర్చోదు. రెండోది హుజూర్‌నగర్ దగ్గర ఒక రైతు ఇచ్చిన మలబారు వేప. తేలిక, కానీ ఎక్కువ నొక్కితే చిట్లుతుందేమోనని భయం. ఈ రెండిటి మధ్యే ఆమె పోయింది.

చూడవచ్చిన చుట్టాలు గోడకు ఆనించిన ఆ సగాలను చూసి, "ఇదేంది, ఇస్త్రీ బల్లనా?" అని ఒకరు, "పడవనా?" అని ఒకరు నన్ను అడిగారు. అలల మీద నిలబడే పలక అన్నాను. "బయట పారేయుర్రి" అన్నారెవరో. "గాడనే ఉండనియ్యి" అన్నాడు పెద్దనాన్న.

దినాలయ్యాక ఆయన నన్ను మళ్ళీ రమ్మన్నాడు. బద్దలు రెండూ ముందు పెట్టుకుని కూర్చున్నాడు.

"మీ పెద్దమ్మ ఏది పెడుదామన్నది?"

"నాతో వెదురే ఖాయమంది పెద్దనాన్నా."

"నాతోని వేప అన్నది గదనే!"

పెద్దమ్మ మనసు మార్చుకుందా, మా ఇద్దరినీ వేరువేరుగా అడిగి చూద్దామనుకుందా, ఊరికే అందా? ఆయన వెదురును నొక్కి చూశాడు, వేపను నొక్కి చూశాడు. రెండూ లేచాయి.

"రెండూ పెట్టు. ఆమె మాటలల్ల ఏదాన్ని అబద్ధమంటం?" అన్నాడు.

వెదురును చీల్పించి, కణుపులు నున్నగా చేయించి, వేప బద్దకు అటూ ఇటూ అతికించాను. దాన్ని సగాల మధ్య పెట్టి బిగించాం. ఆరాక పైన ఫైబర్ గుడ్డ పరిచి ఎపాక్సీ జిగురు పూశాను. సరిగ్గా చేశానో లేదో చెప్పేవాళ్ళు లేరు.

సముద్రం దాకా తీసుకెళ్ళే ధైర్యం మాకు చాలలేదు. నిడమనూరు వైపు ఒక చిన్న పంటకాలువలో దించాం. కొంచెం పక్కకు ఒరిగి, తేలింది. పెద్దనాన్న పంచె పైకి మడిచి మోకాలి లోతులోకి దిగాడు.

"వదిలి చూడు పెద్దనాన్నా, మునగదు."

ఆయన వదల్లేదు. నీళ్ళు పలకను దిగువకు లాగుతుంటే, దాని నడుము మీద అరచెయ్యి ఆనించి, దానితో పాటే నీళ్ళలో నడవడం మొదలుపెట్టాడు. ఆయన చెప్పులు పట్టుకుని నేను గట్టు మీద నడిచాను.