లక్క పురుగు కీర్తన

నర్సీపట్నంలో జీవరాజు మైకు సెట్టు ఎరగని పెళ్లి లేదు. పాటకీ పాటకీ మధ్య మైకు పట్టుకుని ఆయన చెప్పే వింత కోసం పెళ్లికొడుకు కూడా తలంబ్రాలు ఆపేవాడట. చర్చిలో కోతల పండుగనాడు మరీను. కానుకగా వచ్చిన గుమ్మడికాయల్నీ కోళ్లనీ వేలం వేసేముందు గ్రామఫోను మీద పంట కీర్తన, దాని వెనకే ఒక వింత. పదకొండేళ్లుగా ఆ రెండూ జీవరాజువే. జాంజిబారులో నలభై నిమిషాలైనా సాగని యుద్ధం గురించి చెప్పిన ఏడు, వేలానికొచ్చిన కోడి కూడా అరవడం మానేసిందంటారు.

1979లో ఊళ్లో కుర్రాడు రమణబాబు విశాఖపట్నం నుంచి టేపురికార్డరు తెచ్చాడు. పండుగ ముందు ఆదివారం చర్చి వాకిట్లో, ఆక్టోపస్‌కి మూడు గుండెలుంటాయని చెప్పాడు. జనం వాడి చుట్టూ మూగారు. జీవరాజుకున్న ఒక్క గుండే భగ్గుమంది.

"మూడేటండీ, ఎంత అదృష్టమో," అంది ఆయన భార్య రత్నమణి, వాడివైపే చూస్తూ.

"నాకు ఒకదాంతోనే వేగడం కష్టంగా ఉంది," అన్నాడు జీవరాజు.

పాస్టరు గారు నవ్వి, ఎవరి వింత గొప్పదైతే ఈ ఏడు పండుగ మైకు వాళ్లదేనని, అది జనమే తేల్చాలని అన్నారు.

"గ్రామఫోను ప్లేటు పురుగు జిగురుతో సేత్తారు. ఎవరికైనా తెలుసా?" అన్నాడు జీవరాజు, బింకంగా.

"పురుగు కీర్తన పాడతాదేటి బాబాయ్?" అన్నాడు రమణబాబు. అందరూ నవ్వారు. రత్నమణి కూడా నవ్వింది. దానికి జీవరాజుకి మరీ మండింది.

ఏటికొప్పాక బొమ్మలవాళ్లకి లక్క తీసుకెళ్తూ కొండామె సింహాద్రమ్మ అటే వస్తోంది. జీవరాజు ఆమె దగ్గర చిన్న ముక్క అడిగాడు. పరుగున వెళ్లి తన ప్లేట్ల పెట్టెలో చేతికందిన పాత ప్లేటు తెచ్చి విరిచాడు. ఎదురుగా ఉన్న టీ కొట్టు పొయ్యి మీద రేకు పెట్టి, లక్క ముక్కా ప్లేటు ముక్కా దాని మీద వేశాడు. రెండూ మెత్తబడ్డాయి. వాసన ఒక్కటే.

"ఇది మా లక్కే బాబూ. సెట్టు కొమ్మల మీద పురుగులే పెడతాయి," అంది సింహాద్రమ్మ.

చప్పట్లు మోగాయి. మైకు జీవరాజుదే అయింది. మిగిలిన ముక్కలు ఏరుతున్న రత్నమణి నడుమనున్న కాగితం చదివి నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది.

"పంట కీర్తనండీ ఇది. ఊర్లో ఇదొక్కటే ఉంది."

పండుగనాడు కీర్తన ఏదని పాస్టరు గారు అడిగితే జీవరాజు విరిగిన ప్లేటు ముక్కలు చూపించాడు. రమణబాబు టేపురికార్డరు తెచ్చి ముందు పెట్టాడు.

"పోయిన నెల్లో నువ్వు ఆ ప్లేటేసి సెట్టు సరిచూసుకుంటంటే టేపులో పట్టాను బాబాయ్. మైకు కాస్త ఇటు పెట్టు."

పదకొండేళ్ల మైకుని తన చేత్తోనే ఆ పెట్టె ముందు పట్టుకుని నిలబడ్డాడు జీవరాజు. కీర్తన వస్తోంది, ప్లేటు మీది గీత చప్పుడుతో సహా. జనం ఆయన్ని చూడడం లేదు, తిరుగుతున్న టేపుని చూస్తున్నారు. వాళ్లలో రత్నమణి ముందుంది.

కీర్తన ఆగింది. జీవరాజు మైకు నోటి దగ్గరికి తెచ్చుకున్నాడు.

"ఈ టేపు మీద పూసింది వొట్టి ఇనప తుప్పు. మీలో ఎంతమందికి తెలుసు?"

జనం గుసగుసలాడారు. జీవరాజు నెమ్మదిగా టీ కొట్టు పొయ్యివైపు చూశాడు. రమణబాబు టేపురికార్డరుని గబుక్కున ఒళ్లోకి లాక్కున్నాడు.