కణాలకు ఎవరింటి తిండి

మా దొరతనం నాటి గడీ గోడలు కూలాయి, భూములు ఏనాడో చేతులు మారాయి. అయినా మా ఇంట్లో ఎవరి నడుమూ వంగలేదు. బాపుకైతే మోకాలు కూడా వంగడం మానేసింది. కర్ర పట్టుకోడు, ఒకరి భుజం మీద చెయ్యి వెయ్యడు. రామన్నపేటలో మా ఇంటి అరుగు దిగేటప్పుడు నొప్పి వస్తే, గోడను పరిశీలించడానికే వచ్చినట్టు అక్కడే నిలబడిపోయేవాడు.

పట్నం దవాఖానలో డాక్టరు ఒక దారి చెప్పాడు. బాపు తుంటి ఎముక నుంచి మజ్జ తీసి, అందులోని మూలకణాలను ల్యాబులో పెంచి, తిరిగి మోకాలిలోకి ఎక్కిస్తారట. వైద్యం ఇంకా ప్రయోగాల దశలోనే ఉందని, గుణం కనిపించవచ్చు, కనిపించకపోవచ్చు అని కూడా చెప్పాడు. బాపు విన్నది ఒక్కటే.

"నా కణాలే నాకు. ఒకరిని అడిగేది లేదు."

వెంటనే ఒప్పుకున్నాడు.

మజ్జ తీసిన కొన్నాళ్లకు, కణాలు పెంచే అమ్మాయి మమ్మల్ని గాజు కిటికీ దగ్గరికి తీసుకెళ్లింది. లోపల వెచ్చని పెట్టె, దాంట్లో చదునైన సీసాలు.

"ఏం తిని పెరుగుతయి బిడ్డా ఇవి?" అడిగాడు బాపు.

"రక్తంల నుంచి తీసిన సారం పోస్తం సార్. శానమంది ఇచ్చిన రక్తం కలిపి చేస్తరు."

"శానమంది అంటే ఎవరు?"

"ఎవరో సార్. మాకు తెల్వది."

బాపు ముఖం మాడిపోయింది. మేం పరాయి ఇంట మంచినీళ్లు ముట్టని వాళ్లం. పెళ్లికి పోయినా అక్షింతలు వేసి, ఇంటికొచ్చి తినేవాళ్లం. అలాంటి మా కణాలు ముక్కూమొగం తెలియని వాళ్ల తిండికి చెయ్యి చాపడమా?

"గంతమంది ఉప్పు తిన్నయి, ఇగ నా మోకాల్ల కొలువు చేస్తయా?" అన్నాడు.

నాకూ సబబే అనిపించింది. మా వాళ్ల రక్తం నుంచే ఆ సారం తీయమని డాక్టరును అడిగాను. ఆయన నవ్వు ఆపుకుని, "ముందు మీవాళ్లను పరీక్షకు తీసుకరండి, చూద్దాం" అన్నాడు.

వంశమంతా వ్యాను ఎక్కింది. రక్తం తీసుకునే గదిలో నర్సు ఒక్కొక్కరినే పిలిచింది. పెద్దబాపుకు బీపీ. చిన్నాయనకు షుగరు సూదులు. మేనత్తకు గుండె మాత్రలు. చివరికి నా వంతు వచ్చింది.

"మీకు అసలు రక్తమే తక్కువుంది అన్నా. జర ఆకుకూరలు తినుండ్రి."

మేనత్త ఊరుకోలేదు. "ఏమే పిల్లా, మా రక్తం ఎసొంటిదో ఎరుకేనా నీకు?"

"ఎరుకైనంకనే వద్దంటున్న అమ్మా."

అప్పుడే ల్యాబు అమ్మాయి వచ్చింది. కణాలకు తిండి మార్చే వేళ అయిందట, ఆలస్యమైతే చచ్చిపోతాయట. "ఉన్న సారమే పొయ్యాల్నా, కణాలు పారెయ్యాల్నా సార్?"

బాపు ఆ గదిని ఒకసారి కలియజూశాడు. వరుస కుర్చీల్లో వంశమంతా సూది గుచ్చిన వేళ్ల మీద దూది అదుముకుని కూర్చుంది. ఎవరూ తల ఎత్తలేదు.

"పొయ్యుండ్రి," అన్నాడు చివరికి. "పోసేది కొసిరి కొసిరి పొయ్యకుండ్రి. మావాటికి ఆకలెక్కువ."

కణాలు ఎక్కించాక కొన్ని నెలలకు నొప్పి సగం తగ్గింది. బాపు బజారు దాకా ఒక్కడే వెళ్లొస్తున్నాడు. ఎవరైనా అడిగితే "అన్నీ సొంత కణాలే" అంటాడు. మేనత్త అయితే, మా వంశం కణాలు కాబట్టే నిలబడ్డాయని చుట్టాలకు చెబుతుంది. ఏం తిని నిలబడ్డాయన్న మాట మాత్రం మా ఇంట్లో ఎవరమూ ఎత్తం.