జేబులో ఫ్యూజు

రాజాంలో నరసింగరావుని ఇంటిపేరుతో పిలిచేవాళ్లు లేరు. ‘ఫ్యూజు నరసింగు’ అంటే ఏ కిళ్లీకొట్టువాడైనా దారి చూపిస్తాడు. ఎవరింట్లో పని పట్టినా ముందు మీటరు దగ్గరకెళ్లి, తెల్ల పింగాణీ ఫ్యూజు ఊడబెరికి చొక్కా పైజేబులో వేసుకుంటాడు. పని అయ్యేదాకా అది అక్కడే. అయ్యాక చొక్కా అంచుతో తుడిచి ఇంటివాళ్ల చేతిలో పెడతాడు. “మీ కరెంటు మీకు అప్పజెప్పీసినాను” అంటాడు. ఇరవై ఏళ్లుగా ఆ మాట మారలేదు, ఆ వరసా మారలేదు.

“గుండికాయ మీద ఎట్టుకుని తిరుగుతావు కదేటి మావా, నా ఫొటో ఒక్కనాడైనా ఎట్టుకున్నావా ఆ జేబులో?” అని దెప్పేది పెళ్లాం జగ్గమ్మ.

“నీ ఫొటో ఎడితే ఇంక కరెంటెందుకే, అదే కొడతాది షాకు.”

నవ్వులాటకే గానీ, ఆ అలవాటు అతను వేళ్లిచ్చి కొనుక్కున్నది. కుర్రతనంలో ఒక కాంట్రాక్టరు కింద స్తంభాలెక్కేవాడు. “లైను ఆపేశాం, ఎక్కరా” అన్నారు కిందనుంచి. ఆపలేదు. ఎడమచేతి వేళ్లు రెండు నల్లబడి రాలిపోయాయి. పరిహారం అడగబోతే, హాజరు మస్తరులో నీ పేరే లేదు పొమ్మన్నారు. స్తంభం మీద వేలాడిన మనిషి కాగితం మీద లేడు. ఇక ఎవరి మాట మీదా తీగ ముట్టుకోనని అప్పుడే ఒట్టు పెట్టుకున్నాడు. మిగిలిన కుడిచెయ్యే ఆ ఇంటికి అన్నం పెడుతోంది.

మే నెలలో కాలేజీ లెక్చరరు విశ్వనాథ్ కబురు పెట్టాడు. తాతల నాటినుంచి గుడి కైంకర్యం, సంగీతం, చదువు ఉన్న ఇల్లు. రెండు పాత గదుల మధ్య గోడ కొట్టించి పెద్ద హాలు చేసి, పైన ఫాల్స్ సీలింగ్ వేయించుకున్నారు. అందులో దిగ్గొట్టిన పాత లైట్లు కొలిమిలా కాలుతున్నాయి. వెనక వరసలో నాలుగు మాడిపోయాయి కూడా. అన్నీ పీకి ఎల్‌ఈడీలు వెయ్యాలి.

“ఫ్యూజెందుకు పీకడం? స్విచ్చి కట్టేస్తే చాలదా? నాలుగింటికి మా ఆవిడ రాగసుధ ఆన్‌లైన్‌లో వీణ క్లాసు చెప్పాలి” అన్నాడు విశ్వనాథ్.

“స్విచ్చిని నమ్మను బాబూ. మడిసినీ నమ్మను, ఏటీ అనుకోకండి. ఇది నా జేబులో ఉంటే నేను నమ్ముతాను.” అప్పటికే ఫ్యూజు ఊడదీసి జేబులో వేసుకున్నాడు. “ఇంకో మీటరేటైనా ఉన్నాదా? రెండు గదులు కలిపినారంటన్నారు.”

“లేదు. ఇదొక్కటే” అన్నాడు విశ్వనాథ్.

ఉంది. వెనక మెట్ల కింద, చెక్క తలుపు చాటున ఉంది. హాల్లో కలిసిపోయిన రెండో గది తీగలూ, వెనక గదివీ దాని మీదే. ఒకే ఇంటికి తండ్రి పేరున ఒకటి, కొడుకు పేరున ఒకటి మీటరు పెట్టుకుంటే వాడకం రెండుగా చీలి తక్కువ రేటులో ఉండిపోతుంది. తెలిస్తే ఆఫీసువాళ్లు ఊరుకోరు. ఈ నరసింగు ఒకప్పుడు లైన్ల మీద పని చేసినవాడు, ఎవరి చెవిన వేస్తాడో ఏమిటో అని ఆ చదువుకున్న మనిషి భయం. బిల్లు మీద భయం ముందు తన ఇంటి నిచ్చెన ఎక్కబోయే మనిషి ఆయన కంటికి ఆనలేదు.

నరసింగరావు నిచ్చెనెక్కాడు. మొదటి లైటుకి టెస్టరు పెట్టి చూశాడు, వెలగలేదు. రెండోదానికీ పెట్టాడు. మూడు, నాలుగు. పన్నెండో లైటు దాకా అలాగే చూసుకుంటూ వచ్చాడు. ఫ్యాన్లు తిరగని హాలులో చెమట కళ్లల్లోకి కారుతోంది.

“ఇంకా ఎంతసేపు? హాల్లో లైట్లు లేకపోతే పిల్లలకి నా వేళ్లు కనబడవు” అంది రాగసుధ, వెనక గది గుమ్మంలోంచి.

“ఈ వరసొక్కటే అమ్మా. మాడిపోయినవే, పీకీడమే.”

ఆవిడ లోపలికెళ్లింది. ఆ వెనక గదిలోనే వీణ మొదలైంది. కరెంటు లేకుండా క్లాసెలా చెబుతోందన్న ఆలోచన వచ్చిందతనికి. కంప్యూటర్లో బ్యాటరీ ఉంటుంది కదా అని సర్దుకున్నాడు. మాడిన లైటుకి టెస్టరు పెట్టలేదు. చనిపోయిన లైటు, జేబులో ఫ్యూజు, ఇంక చూసేదేముంది? నిచ్చెన జరుపుకుని ఎక్కి, కుడిచెయ్యి కన్నంలోకి దూర్చాడు.

అప్పుడు కనబడింది, వెనక గది గుమ్మానికున్న కర్టెను. ఊగుతోంది. ఆకు కదలని ఎండలో, కరెంటు లేని ఇంట్లో, ఫ్యాను గాలికి ఊగినట్టు ఊగుతోంది. చెయ్యి వెనక్కి లాక్కోవాలనుకున్నాడు. వేళ్లు అప్పటికే తీగని పట్టుకున్నాయి, తీగ వేళ్లని పట్టుకుంది.

నిచ్చెన కూలిన చప్పుడుకి వీణ ఆగింది.

విశ్వనాథే తన కారులో శ్రీకాకుళం పెద్దాసుపత్రికి చేర్చాడు. ఆ మాట దాచకూడదు. దారిపొడుగునా “అయ్యో, అయ్యో” అంటూనే ఉన్నాడు. మూడో రోజుకి డాక్టర్లు కుడిచెయ్యి మణికట్టు దాకా తీసేశారు.

ఆ సాయంత్రం విశ్వనాథ్ బత్తాయిల సంచితో వచ్చాడు. జగ్గమ్మ స్టూలు జరిపింది. ఆయన కూర్చోలేదు.

“నరసింగూ, ముందు హాలంతా చీకటిగా ఉంది. ఆ ఫ్యూజు నీ దగ్గరే ఉండిపోయింది.”

“ఓలమ్మ! ఫ్యూజు కోసమొచ్చినారేటి?” అంది జగ్గమ్మ. “ఏ కొట్టుకెళ్లినా ఇత్తారు కదా బాబూ?”

“అది పాత సైజు. దొరకడం లేదు.”

ఆసుపత్రిలో కత్తిరించి తీసేసిన చొక్కా జగ్గమ్మ సంచిలో ఉంది. ఫ్యూజు ఇంకా దాని జేబులోనే ఉంది. ఆమె సంచి మీద చెయ్యి వేసి కదలకుండా కూర్చుంది. ఎందుకో ఆమెకే తెలియదు, ఇవ్వబుద్ధి కాలేదు.

“ఇచ్చీయే” అన్నాడు నరసింగరావు. మందుల మత్తులో గొంతు ముద్దగా ఉంది. “ఆళ్ల వస్తువు ఆళ్లకి అప్పజెప్పకపోతే ఎలాగ? తుడిసి ఇయ్యి.”

జగ్గమ్మ చీరకొంగుతో తుడిచి మొగుడి ఎడమచేతిలో పెట్టింది. మూడు వేళ్లతో పట్టుకుని అతనే అందించాడు.

“మీ కరెంటు మీకు అప్పజెప్పీసినాను బాబూ.”

విశ్వనాథ్ దాన్ని జేబులో వేసుకుని, ముఖం చూడకుండా వెళ్లిపోయాడు.

మర్నాడు కానిస్టేబులు కాగితాలతో వచ్చాడు. “ఫ్యూజు తియ్యకుండా పని చేశావని ఇంటాయన రాసిచ్చాడు. అంతేనా?”

“తీసినాను బాబూ! జేబులో ఎట్టుకున్నాను.”

“ఏదీ మరి?”

“ఇచ్చీసినాను. నిన్న ఆ బాబే వచ్చి పట్టుకెళ్లినాడు.”

“నే పొద్దున్న చూసినప్పుడు మీటరుకే ఉంది ఫ్యూజు.”

“అదే ఇది! ఆయన సేతిలో నేనే ఎట్టినాను. ఆ ఇంటికి ఇంకో మీటరున్నాది బాబూ. కర్టెను ఊగింది, నా కళ్లతో సూసినాను.”

“మీటర్ల సంగతి కరెంటాఫీసుది. నేనడిగింది ఫ్యూజు. నువ్వు తీసినట్టు సాక్ష్యమేటుంది?”

నరసింగరావు పెళ్లాం వైపు చూశాడు. ఆమె సంచిలోంచి చొక్కా తీసి, ఖాళీ జేబు తిరగేసి చూపించింది. తిరగేసిన జేబులో సాక్ష్యమేం దొరుకుతుంది?

కానిస్టేబులు ఇంకుడబ్బా తెరిచాడు. “కుడిచెయ్యి లేదు కదా, ఎడమ బొటనవేలు వెయ్యి. నీ అజాగ్రత్తే అని రాసుంది. కేసులూ గొడవలూ లేకుండా పోతాది.”

“ఎయ్యకు మావా” అంది జగ్గమ్మ. గొంతు పెంచలేదు. “ఆ దొంగముండా కొడుకుని ఫ్యూజు పట్టుకుని రమ్మనండి, అప్పుడేత్తాడు.”

నరసింగరావు ఎడమచెయ్యి దుప్పటి కిందికి లాక్కున్నాడు. స్తంభం కింద నిలబడి ఎవరో చెప్పిన మాట ఒకసారి నమ్మాడు, హాలులో నిలబడి ఒకాయన చెప్పిన మాట ఇంకోసారి నమ్మాడు. మూడోసారి రాసిచ్చిన మాట మీద వేలు వెయ్యడు.

“నీ ఇష్టం” అని కానిస్టేబులు కాగితం అడుగున ‘నిరాకరించాడు’ అని రాసుకుని వెళ్లిపోయాడు.

దుప్పటి కింద ఆ మూడు వేళ్లు మెల్లగా పాకి గుండె మీదకొచ్చి తడుముకున్నాయి. ఆసుపత్రి చొక్కాకి జేబు లేదు.